నలభైల్లో ఆస్ట్రేలియా స్కిల్డ్ వీసా: కుటుంబం మొత్తానికి కలిపి దరఖాస్తు చేయడమెలా?

ఆస్ట్రేలియా పాయింట్ల పట్టికలో నలభయ్యో పుట్టినరోజు చాలా ఖరీదైన రోజు. అంతకు ముందురోజు వరకు వయసుకు 25 పాయింట్లు, ఆ రోజు నుంచి 15. నలభై అయిదు నిండితే పాయింట్ల మీద నడిచే 189, 190, 491 వీసాలు మూడింటికీ అర్హత పోతుంది. అందుకే ఈ వయసులో పని మొదలుపెట్టేవాళ్లు ముందు క్యాలెండర్ తీసి భార్యాభర్తలిద్దరి పుట్టినరోజులూ, పిల్లల పుట్టినరోజులూ రాసుకోవాలి. ఏ పని ఎప్పుడు చేయాలన్నది వాటినిబట్టే తేలుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. వయసును లెక్కించేది దరఖాస్తు వేయమని ప్రభుత్వం నుంచి ఆహ్వానం వచ్చిన రోజున, ఫీజు కట్టిన రోజున కాదు. నలభై అయిదు నిండడానికి వారం ముందు ఆహ్వానం వచ్చి, నిండిన నెలకు దరఖాస్తు వేసినా చెల్లుతుంది. ఒక్కరోజు ఆలస్యంగా వస్తే ఎన్ని పాయింట్లున్నా పనికిరాదు. స్కిల్స్ అసెస్‌మెంట్ (మీ చదువు, అనుభవం ఎంచుకున్న వృత్తికి సరిపోతాయో లేదో అక్కడి సంస్థ తేల్చడం), ఇంగ్లీషు పరీక్ష, రాష్ట్ర నామినేషన్ అన్నీ కలిపి ఏడాది, ఏడాదిన్నర ఇట్టే గడిచిపోతాయి. నలభై మూడు దాటాక మొదలుపెడితే ఒక్క అడుగు తడబడినా సర్దుకునే వ్యవధి ఉండదు.

మూడు వీసాలు, మూడు లెక్కలు

189లో ఎవరి నామినేషనూ అక్కర్లేదు, దేశంలో ఎక్కడైనా ఉండొచ్చు. 190కి ఒక రాష్ట్రం మిమ్మల్ని నామినేట్ చేయాలి, దానికి 5 పాయింట్లు కలుస్తాయి. ఈ రెండూ మొదటిరోజు నుంచే పర్మినెంట్ వీసాలు. 491 అయిదేళ్ల తాత్కాలిక వీసా. దానికి 15 పాయింట్లు కలుస్తాయి కానీ ప్రాంతీయ ఆస్ట్రేలియాలోనే ఉండి పనిచేయాలి. మూడేళ్లు అలా ఉండి, మూడు ఆర్థిక సంవత్సరాల పన్ను నోటీసులు (ఏటా పన్ను లెక్క తేల్చి ఇచ్చే పత్రాలు) చూపిస్తే 191 వీసా ద్వారా పర్మినెంట్ అవుతుంది.

ప్రాంతీయం అనగానే పొలాల మధ్య ఊరు ఊహించుకుని వెనకడుగు వేయకండి. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ తప్ప మిగతా దేశమంతా ఈ లెక్కలో ప్రాంతీయమే. అడిలైడ్, పెర్త్, కాన్‌బెర్రా, హోబార్ట్, గోల్డ్ కోస్ట్ అన్నీ అందులోవే. వయసు పాయింట్లు పోగొట్టుకున్న కుటుంబానికి ఆ 15 పాయింట్లే చాలాసార్లు ఆధారం.

కనీస పాయింట్లు 65. అది వరుసలో నిలబడడానికి చాలుతుందే తప్ప ఆహ్వానానికి హామీ కాదు. ఐటీ, అకౌంటింగ్ వృత్తుల్లో 65తో 189 వస్తుందని ఆశపెట్టుకోవద్దు. నర్సింగ్, టీచింగ్, కొన్ని నిర్మాణరంగ వృత్తుల్లో పరిస్థితి మెరుగు.

ప్రధాన దరఖాస్తుదారు ఎవరు?

మన ఇళ్లలో ఈ ప్రశ్న అడక్కుండానే భర్త పేరు రాసేస్తారు. ఎక్కువ జీతం, ఎక్కువ అనుభవం ఆయనవి కాబట్టి ఆయనే అనుకుంటారు. పాయింట్ల పట్టికకు జీతంతో పనిలేదు. ఇద్దరి లెక్కా పక్కపక్కన వేసి చూడాలి.

భర్తకు 41, భార్యకు 37 అనుకుందాం. ఇద్దరూ ఇంజనీరింగ్ డిగ్రీవాళ్లే. ఆయనకు లెక్కలోకి వచ్చే అనుభవం ఎనిమిదేళ్ల పైన, ఆమెకు పిల్లల కోసం ఉద్యోగం మానిన విరామం పోగా అయిదేళ్లు. ఇద్దరూ ఇంగ్లీషులో పై స్థాయి స్కోరు తెచ్చుకోగలరు. ఆయన ప్రధానమైతే వయసుకు 15, డిగ్రీకి 15, అనుభవానికి 15, ఇంగ్లీషుకు 20, మొత్తం 65. ఆమె ప్రధానమైతే వయసుకు 25, డిగ్రీకి 15, అనుభవానికి 10, ఇంగ్లీషుకు 20, మొత్తం 70. అనుభవం తక్కువైనా ఆమే అయిదు పాయింట్లు ముందుంది.

దీనికి జీవిత భాగస్వామి పాయింట్లు కలుస్తాయి. రెండోవారికి 45 నిండకుండా, వారి వృత్తి కూడా అదే వీసాకు చెల్లే వృత్తుల జాబితాలో ఉండి, స్కిల్స్ అసెస్‌మెంట్ అనుకూలంగా వచ్చి, ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ 6 ఉంటే 10 పాయింట్లు. అసెస్‌మెంట్ లేకుండా ఆ ఇంగ్లీషు స్కోరు మాత్రమే ఉంటే 5. అంటే ఆమె ప్రధానంగా, ఆయన స్కిల్డ్ పార్ట్‌నర్‌గా వేస్తే 80, రాష్ట్ర నామినేషన్‌తో 85, 491కి 95.

వీలైతే ఇద్దరికీ అసెస్‌మెంట్ చేయించి, ఒకరు ప్రధానంగా ఒకటి, మరొకరు ప్రధానంగా ఒకటి, రెండు ఆసక్తి వ్యక్తీకరణలు వేయవచ్చు. దీన్నే అందరూ ఈఓఐ అంటారు. అది వేయడానికి ఫీజు లేదు. ఇద్దరి వృత్తులు వేరైతే ఏ రాష్ట్రం ఎవరిని అడుగుతుందో ముందుగా తెలియదు కాబట్టి రెండో అసెస్‌మెంట్‌కు పెట్టేది అక్కరకొచ్చే ఖర్చే.

వృత్తి కోడ్, స్కిల్స్ అసెస్‌మెంట్

అసలు పని ఇక్కడుంది. ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినేదీ ఇక్కడే.

ప్రతి వృత్తికీ ఆరంకెల కోడ్ ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌కు 261313, ఐసీటీ బిజినెస్ ఎనలిస్ట్‌కు 261111. కోడ్‌ను మీ విజిటింగ్ కార్డు మీది హోదా చూసి కాదు, రోజూ చేసే పని చూసి ఎంచుకోవాలి. నలభైలకు వచ్చేసరికి చాలామంది కోడింగ్ వదిలి మేనేజర్లవుతారు. ఐసీటీ ప్రాజెక్ట్ మేనేజర్ కోడ్ 135112 తీసుకుంటే 189కి దారి లేదు, 190, 491 మాత్రమే మిగులుతాయి. గత పదేళ్లలో ఆరేళ్లు డెవలపర్‌గా, నాలుగేళ్లు మేనేజర్‌గా చేసినవాళ్లకు ఏ కోడ్ తీసుకున్నా సగం అనుభవం జారిపోయే ప్రమాదం ఉంది. ఆ నాలుగేళ్లలో డిజైన్, ఆర్కిటెక్చర్ పని నిజంగా చేసి ఉంటే ఉత్తరంలో అది స్పష్టంగా కనబడాలి. చేయకపోతే చేసినట్టు రాయించవద్దు, దాని పర్యవసానం కింద చెప్తాం.

కోడ్‌నుబట్టి అసెస్ చేసే సంస్థ మారుతుంది. ఐటీకి ఆస్ట్రేలియన్ కంప్యూటర్ సొసైటీ, ఇంజనీర్లకు ఇంజనీర్స్ ఆస్ట్రేలియా, నర్సులకు ఆన్‌మాక్, టీచర్లకు ఎయిట్‌సిల్, అకౌంటెంట్లకు సీపీఏ ఆస్ట్రేలియా వంటివి, ఇంకా ఎన్నో వృత్తులకు వెట్‌అసెస్. ఇంజనీర్లయితే సీడీఆర్ అనే, తమ సామర్థ్యాన్ని చూపే నివేదిక రాయాలి. అందులో మూడు కెరీర్ ఎపిసోడ్లు, ఒక్కోటి 1,000 నుంచి 2,500 పదాలు. ఇంటర్నెట్‌లో దొరికే నమూనాలో పేర్లు మార్చి పంపేవాళ్లు సులువుగా దొరికిపోతారు. కాపీని పట్టుకునే సాఫ్ట్‌వేర్ ఆ సంస్థ దగ్గరుంది.

ఐటీవాళ్లు తెలుసుకోవలసిన కోత ఒకటుంది. మీరు పనిచేసిన ఏళ్లన్నీ పాయింట్లకు రావు. డిగ్రీలో కంప్యూటర్ సబ్జెక్టులు ప్రధానంగా ఉండి, అవి ఎంచుకున్న వృత్తికి దగ్గరగా ఉంటే, గత పదేళ్లలో రెండేళ్లు గానీ మొత్తం సర్వీసులో ఎప్పుడైనా నాలుగేళ్లు గానీ తీసేసి, ఆ తరువాతి అనుభవాన్నే లెక్కిస్తారు. రెంటిలో ఏది మీకు మేలైతే అది. సబ్జెక్టులు దగ్గరగా లేకపోతే నాలుగేళ్లు పోతాయి. మెకానికల్, సివిల్ చదివి ఐటీలో చేరినవాళ్లు ఆర్‌పీఎల్ దారిలో, అంటే డిగ్రీకి బదులు అనుభవంతో నైపుణ్యం చూపే దారిలో వెళ్లాలి. అందులో ఆరేళ్లకు తగ్గకుండా పోతాయి, పైగా రెండు ప్రాజెక్ట్ రిపోర్టులు రాయాలి.

పాయింట్ల నిబంధన మరో గీత గీస్తుంది: ఆహ్వానానికి ముందు పదేళ్లలో చేసిన పనికే పాయింట్లు. మూడు నుంచి అయిదేళ్ల లోపు 5, అయిదు నుంచి ఎనిమిది లోపు 10, ఎనిమిది ఆపైన 15. ఈ రెండు నియమాలూ కలిపి చూస్తే నడివయసువాళ్లకు ఒక వెసులుబాటు కనిపిస్తుంది. మీరు 2005లో చేరి ఉంటే 2005 నుంచి 2009 వరకు చేసిన నాలుగేళ్లను కోతకు అర్పించవచ్చు. ఎలాగూ అవి పదేళ్ల గీతకు బయటే ఉన్నాయి, వాటికి పాయింట్లు రావు. అప్పుడు గత పదేళ్లూ చెక్కుచెదరకుండా మిగులుతాయి. అదే ఆ పాత కంపెనీ ఉత్తరాలు పెట్టకపోతే కోత గత పదేళ్లలోనే పడుతుంది. పదిలో రెండు పోతే సరిగ్గా ఎనిమిది. మధ్యలో ఉద్యోగం మారేటప్పుడు మూడునెలలు ఖాళీగా ఉన్నారా, ఎనిమిది నిండవు, 15 కాస్తా 10 అవుతుంది. కాబట్టి ‘పాతవి ఎందుకులే’ అని మొదటి కంపెనీని వదిలేయకండి. అది మూతబడినా సరే, అప్పటి మేనేజర్‌ను వెతికి పట్టుకోండి.

అనుభవ ఉత్తరం ఎలా ఉండాలి

రిలీవింగ్ లెటర్ చాలదు. అందులో తేదీలు, హోదా తప్ప పని వివరం ఉండదు. కావలసింది లెటర్‌హెడ్ మీద ఇవన్నీ ఉన్న ఉత్తరం: చేరిన, మానిన పూర్తి తేదీలు, హోదా, పూర్తికాలమా కాదా, వారానికి ఎన్ని గంటలు, ఏ దేశంలో, చేసిన ముఖ్యమైన పనులు ఓ అయిదారు, సంతకం చేసినవారి పేరు, హోదా, ఫోను, ఆఫీసు మెయిల్. ఒకే కంపెనీలో ప్రమోషన్లు వచ్చి ఉంటే ఏ హోదాలో ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, అప్పుడు ఏ పని అన్నది విడివిడిగా రాయించాలి. పనుల వాక్యాలను వృత్తి జాబితా పుస్తకం నుంచి మక్కీకి మక్కీ దించితే అసెసర్ ఒక్క చూపులో పట్టేస్తాడు. మీరు వాడిన పరికరాలు, ప్రాజెక్టుల స్వభావం, టీమ్ ఎంత అన్నది మీ మాటల్లో రాసి హెచ్‌ఆర్‌కు ఇవ్వండి.

చాలా పెద్ద కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలు పని వివరాలతో ఉత్తరం ఇవ్వవు. అప్పుడు మీతో పనిచేసిన పైఅధికారి గానీ సహోద్యోగి గానీ నాన్ జ్యుడీషియల్ స్టాంప్ పేపరు మీద అఫిడవిట్ ఇవ్వాలి. నోటరీ ముందు సంతకం చేసినట్టు ఆ పేపరు మీద మాటల్లో ఉండాలి, వట్టి సీలు చాలదు. మీ గురించి మీరే ఇచ్చుకున్న ప్రకటన చెల్లదు. దాని పక్కన అపాయింట్‌మెంట్ లెటర్, పే స్లిప్పులు, రిలీవింగ్ లెటర్ జతచేయాలి.

ఉత్తరం ఎవరిచ్చినా, జీతం నిజంగా అందిందని చూపే కాగితాలు వేరుగా కావాలి: ఫారం 16, ఫారం 26ఏఎస్, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్లు, పీఎఫ్ పాస్‌బుక్. ఈపీఎఫ్‌ఓ పాస్‌బుక్కు ఇక్కడ మంచి విలువ ఉంది, ఎందుకంటే అది కంపెనీ చేతిలో లేదు. అయితే అదే మిమ్మల్ని పట్టిస్తుంది కూడా. ఉత్తరంలో మార్చి వరకు పనిచేశారని, పీఎఫ్ జమ జనవరితో ఆగిందని ఉంటే ఆ రెండు నెలల గురించి ప్రశ్న వస్తుంది. తేదీలు రోజుతో సహా అన్నిచోట్లా ఒకటే ఉన్నాయో లేదో పంపకముందే సరిచూసుకోండి. పాత బ్యాంకు ఖాతా మూసేసి ఉంటే శాఖలో అర్జీ పెట్టి తెప్పించుకోవాలి, దానికి వారాలు పడుతుంది.

ఇంగ్లీషుకు 20, తెలుగుకు 5

ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగు విభాగాల్లోనూ 8 వస్తే 20 పాయింట్లు, 7 వస్తే 10. సగటుతో పనిలేదు. మూడింట్లో 8.5 వచ్చి రైటింగ్‌లో 7.5 వస్తే 10 పాయింట్లే. మనవాళ్లు ఎక్కువగా పీటీఈ అనే మరో ఇంగ్లీషు పరీక్ష వైపు మొగ్గుతారు. ఒకప్పుడు అన్నింట్లో 79 చాలేది. 2025 ఆగస్టు 7 నుంచి రాసేవారికి పై స్థాయి మార్కులు విభాగానికో తీరు: లిజనింగ్ 69, రీడింగ్ 70, రైటింగ్ 85, స్పీకింగ్ 88. పాత యూట్యూబ్ చిట్కాలు చూసి 79 గురి పెట్టుకుంటే స్పీకింగ్‌లో దెబ్బతింటారు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఇంటి దగ్గర కూర్చుని ఆన్‌లైన్‌లో రాసే పరీక్షలను ఒప్పుకోరు.

తెలుగువాళ్లకు అందుబాటులో ఉన్న మరో అయిదు పాయింట్లు సీసీఎల్ పరీక్షవి. దీన్ని అనువాదకులకు గుర్తింపునిచ్చే ఆస్ట్రేలియా సంస్థ ఎన్‌ఏఏటీఐ (NAATI) పెడుతుంది. ఇంగ్లీషులో ఒకరు, తెలుగులో ఒకరు మాట్లాడుకునే రెండు సంభాషణలు వినిపిస్తారు, ఒక్కోటి సుమారు 300 పదాలు. ముక్కముక్కకీ ఆపుతారు, మీరు అటునుంచి ఇటూ ఇటునుంచి అటూ నోటితో అనువదించాలి. ఒక్కో సంభాషణకు 45 మార్కులు. రెండింట్లో విడివిడిగా 29 తగ్గకుండా, మొత్తం మీద 63 రావాలి. ఇంట్లో తెలుగే కదా అని తయారీ లేకుండా వెళ్లినవాళ్లు ఇన్సూరెన్స్ క్లెయిమ్, కోర్టు వాయిదా, అద్దె ఒప్పందం లాంటి విషయాల్లో నీళ్లు నములుతారు. తేదీలు, మొత్తాలు, మందుల మోతాదులు ఒక్కటి వదిలినా మార్కులు పోతాయి కాబట్టి నోట్స్ రాసుకునే అలవాటు ముందే చేసుకోవాలి. ఈ పాయింట్లు ప్రధాన దరఖాస్తుదారుకే. జీవిత భాగస్వామి రాసి లాభం లేదు.

ఈఓఐ, రాష్ట్ర నామినేషన్

స్కిల్‌సెలెక్ట్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఈఓఐ వేయాలి. ఇది రెండేళ్లు నిలబడుతుంది. కాగితాలేమీ పెట్టనక్కర్లేదు, అంకెలు నింపితే చాలు. ప్రమాదం కూడా అందుకే. ఆహ్వానం వచ్చాక ఆ అంకెలు మార్చలేరు. మీరు చెప్పుకున్న పాయింట్లలో అయిదు రుజువు కాక, ఆహ్వానం వచ్చిన మార్కు కంటే కిందికి పడిపోతే వీసా తిరస్కరిస్తారు, కట్టిన ఫీజు వెనక్కి రాదు. అనుమానం ఉన్న పాయింట్లు వదిలేయడం నయం.

ఇక్కడ తరచూ కనిపించే పొరపాటు: ప్రస్తుత ఉద్యోగానికి ముగింపు తేదీ ఖాళీగా వదిలితే, ఏళ్లు నిండగానే సిస్టమ్ తనంతట తాను పాయింట్లు పెంచేస్తుంది. మధ్యలో మీరు ఎంచుకున్న వృత్తి వదిలి వేరే పనిలోకి మారి ఉంటే ఆ పెరుగుదల తప్పు లెక్క అవుతుంది. మారిన రోజునే ఈఓఐ తెరిచి ఆ ఉద్యోగానికి ముగింపు తేదీ పెట్టాలి. అసెస్‌మెంట్‌లో కోత పడిన ఏళ్లను కూడా ‘సంబంధం లేదు’ అని విడిగా గుర్తించాలి. ఇది చేయక తిరస్కరణ తెచ్చుకున్నవాళ్లు తక్కువేం కాదు.

190, 491లకు ఒక్కో రాష్ట్రానికి ఒక్కో ఈఓఐ వేయడం మంచిది. వీసాల కార్యక్రమ సంవత్సరం జూలైలో మొదలవుతుంది. రాష్ట్రాలు ఆ తరువాతి వారాల్లో తమ వృత్తుల జాబితా, నియమాలు ప్రకటిస్తాయి. ఏటా మారతాయి కాబట్టి పోయినేడు స్నేహితుడికి వచ్చిందని అదే రాష్ట్రం మీద కూర్చోవద్దు. విక్టోరియా లాంటి చోట్ల ఈఓఐతో పాటు రాష్ట్రం వెబ్‌సైట్‌లో మరో ఫారం నింపాలి. అది నింపకపోతే మీ ఈఓఐని వాళ్లు చూడనే చూడరు.

ఆహ్వానం వచ్చాక అరవై రోజులు

ఫీజు కట్టి దరఖాస్తు వేయడానికి 60 రోజులే గడువు, పొడిగింపు లేదు. 189కి రెండుసార్లు ఆహ్వానం వచ్చినా వేయకపోతే ఈఓఐ తొలగిపోతుంది. కాబట్టి కింది కాగితాలు ఆహ్వానానికి ముందే చేతిలో ఉండాలి.

పేర్లతో మొదలుపెట్టండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, డిగ్రీలో పూర్తిగా, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండడం మనకు మామూలే. భార్య పాస్‌పోర్టులో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు కూడా అంతే. వీసా పాస్‌పోర్టులోని పేరు మీదే వస్తుంది. మిగతా రూపాలన్నీ దరఖాస్తులో ‘ఇతర పేర్లు’ అన్న చోట రాసి, అన్నీ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ పెట్టాలి. దాచిపెడితే అనుమానం, చెప్తే వట్టి లాంఛనం.

పెళ్లయి పదిహేనేళ్లయినా రిజిస్ట్రేషన్ చేయించుకోనివాళ్లు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇప్పుడైనా చేయించుకోవచ్చు. శుభలేఖ, పెళ్లి ఫొటో, వయసు రుజువులు, సాక్షులతో వెళ్లాలి. రెండో పెళ్లి అయితే మొదటి పెళ్లి ముగిసిన డిక్రీ గానీ మరణ ధ్రువపత్రం గానీ కావాలి. మొదటి పెళ్లి పిల్లలు 18 లోపువారైతే వెంట రాని కన్నతల్లి లేదా కన్నతండ్రి సమ్మతి ఫారం 1229, కాకుంటే కోర్టు ఉత్తర్వు. ఇది చివర్లో చూసుకుందాం అనుకునే విషయం కాదు, మాటల్లేని మాజీ దంపతుల మధ్య నెలలు పడుతుంది.

పదహారేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, గత పదేళ్లలో మొత్తం కలిపి 12 నెలలు ఉన్న ప్రతి దేశం నుంచీ పోలీసు క్లియరెన్స్ కావాలి. భారత్‌ది పాస్‌పోర్ట్ సేవాలో వస్తుంది, ఫీజు 500 రూపాయలు. అమెరికా అయితే వేలిముద్రలతో ఎఫ్‌బీఐకి పంపాలి. గల్ఫ్ నుంచి తిరిగి వచ్చేవాళ్లు అక్కడ ఉండగానే తీసుకోవడం ఉత్తమం.

వ్యక్తిగత వివరాల ఫారం 80లో ఉద్యోగాలు, గత పదేళ్ల చిరునామాలు, ప్రయాణాలు ఖాళీ లేకుండా నింపాలి. ఉద్యోగం లేని నెలలుంటే ఆ సంగతే రాయాలి. పాస్‌పోర్టు స్టాంపులు, విమాన టికెట్ల మెయిల్స్ దగ్గరపెట్టుకుని ఓ ఆదివారం కూర్చోండి.

పోర్టల్‌లో ఒక్కో ఫైలు 5 ఎంబీ దాటకూడదు, ఒక్కొక్కరికి 60 ఫైళ్లే. వందల పే స్లిప్పులు విడివిడిగా ఎక్కించి జాగా అయిపోయి, అసలైన ఉత్తరానికి చోటు లేక తిప్పలు పడేవాళ్లుంటారు. కంపెనీకి ఒక ఫైలు చేసి, ఏడాదికి రెండు మూడు పే స్లిప్పులు మాత్రం పెట్టండి. అసలు పత్రాన్ని రంగుల్లో స్కాన్ చేస్తే అటెస్టేషన్ అక్కర్లేదు. తెలుగులో ఉన్న పత్రాలకు అర్హత ఉన్న అనువాదకుడి ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. తరువాత అధికారి ఇంకేమైనా అడిగితే సాధారణంగా 28 రోజుల గడువిస్తారు.

మెడికల్

దరఖాస్తు వేశాక ఒక్కొక్కరికీ హ్యాప్ ఐడీ అనే వైద్యపరీక్షల నంబరు వస్తుంది. దాంతో ఆమోదిత ప్యానెల్ డాక్టరు దగ్గరికే వెళ్లాలి, ఫ్యామిలీ డాక్టరు రిపోర్టు చెల్లదు. పదకొండేళ్లు దాటినవారికి ఛాతీ ఎక్స్‌రే, పదిహేను దాటినవారికి హెచ్‌ఐవీ పరీక్ష ఉంటాయి. రెండు నుంచి పదేళ్ల పిల్లలకు టీబీ రక్తపరీక్ష చేస్తారు. ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనబడితే కఫం పరీక్షలకు పంపుతారు, నెలలు ఆలస్యమవుతుంది కానీ తిరస్కరణ కాదు.

బీపీ, షుగరు చూసి భయపడకండి. అదుపులో ఉండి కిడ్నీలు, కళ్లు బాగుంటే వాటివల్ల వీసా ఆగడం అరుదు. మందుల చీటీలు, ఇటీవలి హెచ్‌బీఏ1సీ రిపోర్టు వెంట తీసుకెళ్లండి. దాచితే రక్త, మూత్ర పరీక్షల్లో బయటపడుతుంది, అప్పుడది ఆరోగ్య సమస్య కాక నిజాయితీ సమస్య అవుతుంది.

అసలు జాగ్రత్త పడవలసింది వేరే ఉంది. కుటుంబంలో ఒక్కరు ఆరోగ్య ప్రమాణం అందుకోకపోతే అందరి వీసా పోతుంది. వెంట రాని భార్య, భర్త, పిల్లలకూ సాధారణంగా ఇదే నియమం. ఒక వ్యక్తి వైద్యానికి, సంరక్షణకు ప్రభుత్వం మీద పడే భారాన్ని అంచనా వేసి, 2024లో నిర్ణయించిన 86,000 డాలర్ల పరిమితితో పోలుస్తారు. 189, 190లలో దీనికి మినహాయింపు లేదు. కిడ్నీ జబ్బు, ఖరీదైన దీర్ఘకాలిక మందులు, బిడ్డకు ఎదుగుదల లోపం లాంటివి ఉంటే ఫీజు కట్టకముందే ఈ విషయంలో అనుభవమున్న రిజిస్టర్డ్ ఏజెంటుకు రిపోర్టులు చూపించండి. మినహాయింపు ఉన్న కొన్ని ఎంప్లాయర్ స్పాన్సర్డ్ వీసాలున్నాయి, అప్పుడు దారి అటు మారవచ్చు.

పెద్ద పిల్లలు, ముసలి తల్లిదండ్రులు

పద్ధెనిమిది నిండిన పిల్లలను ఇరవై మూడు నిండేలోపు చేర్చవచ్చు, కానీ మీ మీద ఆధారపడ్డారని చూపాలి: కాలేజీ బోనఫైడ్, మీ ఖాతా నుంచి కట్టిన ఫీజు రసీదులు, ఆధారపడ్డవారి వివరాల ఫారం 47ఏ. ఇంజనీరింగ్ మూడో ఏడాదిలో ఉన్న అబ్బాయి పూర్తికాలం ఉద్యోగంలో చేరితే ఆధారపడ్డవాడు కాడు. జీవిత భాగస్వామికీ, పద్ధెనిమిది నిండిన పిల్లలకూ కనీస ఇంగ్లీషు రుజువు లేకపోతే ఒక్కొక్కరికి దాదాపు 5,000 డాలర్ల రెండో విడత ఫీజు పడుతుంది. డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియంలోనే చదివారని కాలేజీ లెటర్‌హెడ్ మీద ఉత్తరం తెచ్చుకుంటే ఆ ఖర్చు తప్పుతుంది. ఇంత సులువుగా ఇంత డబ్బు మిగిలే చోటు ఈ ప్రక్రియలో మరొకటి లేదు.

తల్లిదండ్రులను ఈ దరఖాస్తులో చేర్చలేరు. 2016 నవంబరులో ఆ నియమం మారింది. తరువాత విజిటర్ వీసా మీద పిలిపించుకోవచ్చు. పేరెంట్ పర్మినెంట్ వీసాలకు వాళ్ల పిల్లల్లో కనీసం సగంమంది ఆస్ట్రేలియాలో స్థిరపడి ఉండాలన్న లెక్క సాధారణంగా వర్తిస్తుంది, ఎదురుచూపులూ ఏళ్ల తరబడి. అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములతో ఈ మాట బయల్దేరకముందే మాట్లాడుకోవాలి.

ఖర్చు

2025 జూలై నాటి రేట్లలో ప్రధాన దరఖాస్తుదారుకు 4,910 ఆస్ట్రేలియన్ డాలర్లు, 18 నిండిన ఒక్కొక్కరికి 2,455, లోపువారికి 1,230. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలైతే 9,825 డాలర్లు, పైన కార్డు సర్‌చార్జి. ఏటా జూలై 1న పెరుగుతుంది. మొత్తం ఒకేసారి కట్టాలి కాబట్టి కార్డు పరిమితి, అంతర్జాతీయ లావాదేవీలకు అనుమతి బ్యాంకుతో ముందే మాట్లాడుకోండి. అరవయ్యో రోజు రాత్రి కార్డు తిరస్కరణకు గురైతే చేయగలిగిందేమీ ఉండదు. దీనికి అసెస్‌మెంట్లు, పరీక్షలు, మెడికల్, కొన్ని రాష్ట్రాల నామినేషన్ ఫీజు అదనం.

వెళ్లేటప్పుడు డబ్బు పంపడానికి ఎల్‌ఆర్‌ఎస్ అనే రిజర్వ్ బ్యాంకు పథకం కింద ఏడాదికి ఒక్కొక్కరికి 2,50,000 అమెరికన్ డాలర్ల పరిమితి ఉంది. ఇలాంటి బదిలీల్లో పది లక్షల రూపాయలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటుంది. ఐటీ రిటర్న్‌లో అది తిరిగి వస్తుంది, కానీ అప్పటిదాకా ఆ డబ్బు మీ చేతిలో ఉండదు. భార్యాభర్తలు ఎవరి సొమ్ము వారి ఖాతా నుంచి, రెండు ఆర్థిక సంవత్సరాల్లో పంపుకుంటే చాలావరకు తప్పుతుంది.

కన్సల్టెన్సీలు, దొంగ కాగితాలు

దరఖాస్తు మీరే వేసుకోవచ్చు. సాయం కావాలంటే వలస ఏజెంట్ల ఆస్ట్రేలియా ప్రభుత్వ రిజిస్టర్ (మారా)లో ఏడంకెల నంబరు ఉన్న ఏజెంటునే పట్టుకోండి, ఆ నంబరును రిజిస్టర్‌లో మీరే వెతికి చూడండి. ఈఓఐ లాగిన్ మీకివ్వని, తమ మెయిల్ ఐడీతో ఖాతా తెరిచే కన్సల్టెన్సీలకు దూరంగా ఉండాలి. ఆహ్వానం వచ్చిన సంగతి కూడా మీకు తెలియకపోవచ్చు.

అనుభవం ‘సర్దిపెడతాం’ అనేవాళ్ల మాట వింటే పీఐసీ 4020 అనే నిబంధన మీద పడుతుంది. తప్పుడు పత్రం తేలితే మూడేళ్ల నిషేధం, గుర్తింపు విషయంలో అబద్ధమైతే పదేళ్లు. అది మీ ఒక్కరితో ఆగదు, దరఖాస్తులోని కుటుంబానికీ చుట్టుకుంటుంది. నలభై రెండేళ్లవాడికి మూడేళ్ల నిషేధమంటే ఈ వీసాలు శాశ్వతంగా పోయినట్టే.

గ్రాంట్ తరువాత

వీసా మంజూరైందని చెప్పే గ్రాంట్ లెటర్‌లో ఆస్ట్రేలియాలో మొదటిసారి అడుగుపెట్టవలసిన తేదీ ఉంటుంది. సాధారణంగా మెడికల్, పోలీసు క్లియరెన్స్‌లలో ఏది ముందుగా ఏడాది నిండితే దాన్నిబట్టి నిర్ణయిస్తారు. అందుకే ఆ రెండూ మరీ ముందుగా చేయించుకుంటే చేతిలో రెండు నెలలే మిగలవచ్చు. పిల్లాడు పదో తరగతిలోనో ఇంటర్‌లోనో ఉంటే కుటుంబమంతా ఓ పదిరోజులు వెళ్లి ఆ షరతు తీర్చి రావచ్చు. 189, 190లలో దేశం బయటికి వెళ్లి తిరిగి వచ్చే ప్రయాణ సౌకర్యం అయిదేళ్లు ఉంటుంది. అక్కడ బడి సంవత్సరం జనవరి చివర్లో మొదలవుతుంది, మన మార్చి పరీక్షలతో అది కుదరదు. పదకొండు, పన్నెండు తరగతుల మధ్యలో బడి మార్చడం పిల్లలకు కష్టం. పదో తరగతి లోపే కదలడమో, ఇంటర్ అయ్యాక నేరుగా కాలేజీకి వెళ్లడమో మేలు. యూనివర్సిటీలో పర్మినెంట్ రెసిడెంట్లకు స్థానిక విద్యార్థుల రాయితీ సీటు దొరుకుతుంది, కానీ ప్రభుత్వ ఫీజు రుణం సాధారణంగా పౌరసత్వం వచ్చాకే. అప్పటివరకు ఫీజు చేతినుంచి కట్టాలి.

దిగిన వారంలో పన్ను నంబరుకు, ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికేర్‌కు దరఖాస్తు చేయండి. 491వాళ్లకూ మెడికేర్ ఉంది. నిరుద్యోగ భృతికి మాత్రం కొత్తగా వచ్చినవాళ్లు నాలుగేళ్లు ఆగాలి, కాబట్టి ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా పెట్టుకుని బయల్దేరండి. 491 మీద వెళ్లినవాళ్లు మొదటి ఏడాది నుంచే పన్ను నోటీసులు, అద్దె ఒప్పందాలు, కరెంటు బిల్లులు ఒక ఫోల్డరులో దాచుకోవాలి. 191 దరఖాస్తుకు ప్రాంతీయ ఆస్ట్రేలియాలో ఉన్నట్టు చూపేవి అవే.